కుండలో ఉప్పు వేయని పెద్దమ్మ

మా పెద్దమ్మ కమలమ్మ ఇక లేదన్న కబురు నేను ముళబాగిలులో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుండగా వచ్చింది. ఫోనులో ఆమె కొడుకు రత్నం. "అమ్మ నిద్రలోనే పోయిందమ్మా" అన్నాడు. బడి సంచి గుమ్మంలోనే దించేశాను. నిండు జీవితమే, అనాయాస మరణమే. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. పెద్దమ్మ కూడా పోతుందని నేను ఏనాడూ అనుకోలేదు.

కోలారు బంగారు గనుల్లో చాంపియన్ రీఫ్ లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ళ వరుసల్లో, మా ఇల్లూ ఆమె ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఆమె బూదికోట పిల్ల. మా పెద్దనాయనది భూగర్భంలో పని. గనులు సర్కారు చేతికి వచ్చిన తరువాత పుట్టినవాళ్ళం నేనూ రత్నమూ. వాడు నాకంటే కొంచెం పెద్ద. వాడికి నాలుగేళ్ళు నిండుతుండగా మూత్రపిండాల జబ్బు పట్టుకుంది. ఒంట్లో నీరు చేరి మొహం ఉబ్బేది, కళ్ళు మూసుకుపోయేవి. మందులతో తగ్గేది. తగ్గిందని ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ తిరగబెట్టేది. వాడు బతికి బట్టకడతాడా అన్నది మా పెద్దవాళ్ళు మాకు వినపడకుండా మాట్లాడుకునే మాట.

పొద్దున్నే పెద్దమ్మకు ఒక పని ఉండేది. ఆసుపత్రిలో నేర్పినట్టు, రత్నం మూత్రాన్ని గాజు గొట్టంలో పట్టి స్పిరిట్ దీపం మీద కాచేది. విరిగిన పాలలా తెల్లబడితే జబ్బు తిరగబెట్టినట్టు. నీళ్ళలా ఉంటే గోడ మీదుగా మా అమ్మకు వినబడేలా కేక పెట్టేది. "చెల్లే! ఈ పొద్దు తేటగా ఉండాది!" ఆ కేక విన్నాకే మా లైనులో ఆడవాళ్ళు కాఫీ తాగేవాళ్ళంటే అతిశయోక్తి కాదు.

పుట్టు ధీరత్వం అంటారే, అది ఆమెది. దానికి తోడు నోరు కూడా ఉండేది. చిత్తూరు నుంచి ఒక చుట్టం వచ్చి, వాచిన రత్నం బుగ్గలు పుణికి, "పిల్లోడు బాగా ఒళ్ళు చేసినాడే!" అని మురిసిపోయాడు. పెద్దమ్మ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "అది ఒళ్ళు కాదప్పా, నీళ్ళు. అవి దిగినాక వచ్చి చూడు, అప్పుడు పొగుడుదువు" అంది. జబ్బును దాచిపెట్టడం ఆమెకు చేతకాదు. అలాగని జబ్బును చూసి పండుగను దాచిపెట్టడమూ చేతకాదు.

రత్నం అక్షరాభ్యాసానికి ముహూర్తం పెట్టుకున్న పొద్దునే వాడి మొహం ఉబ్బింది. పెద్దమ్మ అత్తగారు ఊరినుంచి వచ్చి ఉన్నారు. "దిష్టి తగిలింది కమలా. నలుగురినీ పిలిచి చూపించేది ఇప్పుడు వద్దు. నయమైనాక చేద్దాం" అన్నారు ఆవిడ.

"మొగం వాచినాది గానీ వేలు వాచలేదత్తా. రాస్తాడు" అంది పెద్దమ్మ. "నయమైనాక, నయమైనాక అంటా కూసుంటే వాడి చిన్నతనం ఎప్పుడు జరిగేది? జబ్బు దాని పని అది చేసుకుంటాది. మన పని మనం చేసుకుందాం."

రత్నం బియ్యంలో వేలితో 'అ' రాశాడు. రాసి, తిరిగి చూసుకుని, నవ్వాడు. ఆ ఉబ్బిన మొహంలో నవ్వు ఎలా పట్టిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అసలు చిక్కు భోజనాల దగ్గర ఉంది. రత్నానికి ఉప్పు తగలకూడదు. పిలిచినవాళ్ళందరూ పులిహోర తింటుంటే, పండుగ ఎవడిదో వాడు మూలన కూర్చుని చప్పటి అన్నం తినాలి. పెద్దమ్మ ఏం చేసిందో తెలుసా? పులిహోరలో, పప్పులో, పులుసులో, దేనిలోనూ ఉప్పు వేయలేదు. విస్తరి మూలన ఉప్పు వడ్డించడం మనకు ఎటూ ఉన్న ఆచారమే కదా. ఆ ఉప్పే కొంచెం ఎక్కువ వడ్డించింది.

మా పక్కింటి స్టెల్లక్క ముద్ద నోట్లో పెట్టి, "ఏందక్కా, ఉప్పు మర్చిపోయినావా?" అంది.

"మర్చిపోలేదు స్టెల్లా, ఆకుమీద పెట్టినా. ఎవురికి ఎంత కావాల్నో అంత కలుపుకోండి. ఈ పొద్దు మా వోడు అందరితో పాటు ఒకే కుండలోది తింటాడు."

మా పెద్దనాయన కలుపుకోకుండానే ఒక ముద్ద మింగి, మొహం చిట్లించబోయి, భార్య చూపు తగిలి, "అమృతం" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నడుమ కూర్చుని రత్నం రెండోసారి పులిహోర అడిగాడు.

ఆ తరువాత నాకు మొదటి పాలపన్ను ఊడినప్పుడు మా అమ్మ పులిహోర చేసింది, కుండలో ఉప్పు వేయకుండానే. ఆ ఏటి క్రిస్మస్‌కు స్టెల్లక్క రత్నాన్ని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, "మా ఇంట్లో కూడా ఉప్పు బయటనే ఉండాది, రా తంబీ" అంది. ఎవరి బిడ్డ సైకిలు నేర్చినా, ఎవరి బిడ్డ పాసైనా మా లైనులో విందు అలాగే జరిగేది. ఎవరూ తీర్మానం చేయలేదు. ఒక తల్లి పట్టుదల ఒక లైనుకంతా ఆచారమైంది. ఈ మాట రాస్తుంటే నాకు గర్వంగా ఉంది.

రత్నానికి మీసాలు వచ్చే వయసుకు జబ్బు వెనక్కి తగ్గింది. ఏడాది పొడుగునా పొద్దున్నే తేట కేకలే. డాక్టరు ఇక ఉప్పు తినొచ్చన్నాడు. పెద్దమ్మ లైనునంతా పిలిచి, వాడికి జబ్బు పట్టినాక మొదటిసారి కుండలో ఉప్పు వేసింది. ఇన్నేళ్ళకు చేయి కొలత మరిచిపోయింది పాపం. పులుసు ఉప్పు కషాయం!

"ఇన్నేళ్ళ ఉప్పంతా ఈ పొద్దే వేసినావా అక్కా!" అని స్టెల్లక్క నెత్తి కొట్టుకుంది. రత్నం మాత్రం ఒక్క మెతుకు వదలకుండా తిని, "బాగుండాదమ్మా" అన్నాడు. పెద్దమ్మ వంటింటి గడప మీద కూర్చుని బావురుమంది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

గనులు మూతపడ్డాయి, లైను చెదిరిపోయింది. మొన్న పెద్దమ్మ పెద్దకర్మకు ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. వంటవాడిని రత్నం ముందే పిలిచి, ఏ కుండలోనూ ఉప్పు వేయొద్దన్నాడు. నెరిసిన జుట్టుతో, దిట్టమైన ఒంటితో, ఆకు ఆకుకూ వంగి తానే ఉప్పు వడ్డించాడు. కొత్తతరం చుట్టాలు "ఏంది, చప్పగా ఉండాది?" అని మొహాలు చూసుకున్నారు. లైనువాళ్ళు ఎవరూ అడగలేదు. స్టెల్లక్క రుచి చూడకముందే ఉప్పు కలుపుకుంది.

ఆ ధన్యచరితకు సాటి తల్లిని నేనింక చూడను. ఆమె పాదాలకు నా కన్నీటి నమస్కారం.

రత్నం చివరి పంక్తిలో నా పక్కన కూర్చున్నాడు. వాడి ఆకు మీద ఉప్పు లేదు. నేను వడ్డించబోతే చేయి అడ్డం పెట్టాడు. ఒక ముద్ద తిని, తలొంచుకుని, "ఇట్లే ఉండేది" అన్నాడు.