వామనగుంటల్లో అమ్మ మాత్రలు

అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. తిరుపతి ఆసుపత్రిలో నెల రోజులుండి ఇంటికొచ్చేటప్పుడు, ఆమె పనులు ఆమెనే చేసుకోనివ్వమని, మాత్రలు కూడా ఆ చేత్తోనే తీసుకోవాలని, వాడకపోతే ఉన్న కాస్త కదలికా పోతుందని డాక్టరు చెప్పాడు. నాకు నచ్చలేదు. ఇంట్లో అన్నీ నా చేతిమీదుగా జరగాలనే రకం నేను.

"నా నోట్లో నువ్వు పెట్టేదేంది పాపా? నేనే యేసుకుంటా," అని అమ్మ మొండికేసింది.

ఆమెకు చదువు రాదు. పూతలపట్టులోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న వామనగుంటల పీట ఒకటుంటే దించాను. చిన్నప్పుడు మేమిద్దరం దానిమీద చింతగింజలతో ఆడేవాళ్లం. పై వరుసలో ఏడు గుంటలు, కింద ఏడు. వారానికి సరిగ్గా సరిపోయాయి. పైన పొద్దుటి షుగరు మాత్ర, కింద రాత్రి బీపీ మాత్ర. ఆదివారం నింపేసి, సోమవారం నిశ్చింతగా బడికి పోయి పాఠాలు చెప్పుకున్నాను. ఆ వంకర వేళ్లతో మాత్ర పట్టుకోవడానికి అమ్మకు పావుగంట పట్టేది. పట్టుకున్నాక ఆమె ముఖం చూడాలి!

రెండోవారం, మంగళవారం సాయంత్రం చూస్తే బుధవారం పైగుంట ఖాళీగా ఉంది. నేనే వెయ్యడం మరిచానేమో అనుకుని ఒకటి వేశాను. మూడోవారం కూడా అట్లే అయింది. ఆరోజు అమ్మ రవిక చెమటకు తడిసిపోయి ఉంది.

"రెండు యేసుకున్నావా అమ్మా?"

"నాకు మతి పోయిందనుకున్నావా?" అని కసిరింది.

నాకు భయం వేసింది. అయినా పీట తీసేస్తే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను.

తర్వాతి గురువారం నేను వచ్చేసరికి అమ్మ గోడకు ఒరిగిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. పక్కన మధ్యాహ్నపు సంగటి ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. శుక్రవారం పైగుంట ఖాళీ. రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె చల్లటి చెయ్యి పట్టుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

షుగరు బాగా పడిపోయిందని సూదులు వేశాక, మరునాటికి గాని ఆమె సరిగా మాట్లాడలేదు. అడిగితే చెప్పింది.

"పొద్దున యేసుకున్నట్టు గుర్తులేదు పాపా. సూస్తే గుంట ఖాళీ. ఖాళీ గుంట తుడిస్తే పక్క గుంటలోది మనదే గదా!"

ఆట పద్ధతి అదే. చిన్నప్పుడు నాకు నేర్పింది ఆమే.

ఇంటికొచ్చి పీటను అటకెక్కించాను. ఇక మాత్రలు నేనే నోట్లో వేసేదాన్ని. అమ్మ నోరు తెరిచేది. మాత్ర తీసిన గుంటలో ఒక చింతగింజ వెయ్యమని చెప్పుంటే సరిపోయేదని నాకు చాలా నెలలకు తోచింది. ఆ పూటే పీట దించి, గింజలు తెచ్చి, ఆమె ముందర పెట్టాను. అమ్మ దానివైపు చూసింది. కుడిచెయ్యి ఒడిలోంచి లేవలేదు.