రామక్కాళ్ కట్టిన ఫీజు

పీలమేడు ఊళ్ళో రామక్కాళ్ పేరెత్తితే మూతి విరిచేవాళ్ళే ఎక్కువ. కన్నకొడుక్కి కాసిచ్చి వైద్యం చేయించుకున్న మనిషి అని చెప్పుకొనేవారు. చెప్పుకోనీండి. ఎందుకిచ్చిందని ఒక్కరైనా ఆమెనడిగిన పాపాన పోలేదు.

కోయంబత్తూరు చుట్టూ ఒక్కొక్క మిల్లూ లేస్తున్న కాలమది. మిల్లు సైరను, అదే సంగు, ఊదితే తెల్లవారినట్టు లెక్క. పత్తి పండించే నాయుళ్ళలో కొందరు అప్పుడే మిల్లుల్లో వాటాదార్లవుతున్నారు. రామక్కాళ్ భర్త మాత్రం ఉన్న తోటం, బావి కింది పొలం, చూసుకుంటూనే కన్నుమూశాడు. ఆమెకు మిగిలింది కూతురు గోమతి, కొడుకు పెరుమాళ్‌సామి.

గోమతి తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేస్తే, బండి కట్టి టౌను ఆస్పత్రికి బయల్దేరారు. దారిలోనే, రామక్కాళ్ ఒళ్ళోనే, తల్లీ బిడ్డా పోయారు. ఆ కడుపుకోత ఎవరికీ వద్దు. ఈ ఊళ్ళో ఒక డాక్టరుండాలి, వాడు నా కొడుకే కావాలి అని ఆ రోజే ఆమె మనసులో పడిపోయింది.

పడితే పడింది గానీ, డాక్టరు ఊరికే అవుతాడా? తోటం సగం అతని మద్రాసు చదువుకు పోయింది. తిరిగొచ్చాక మిల్లు రోడ్డులో ఒక గది అద్దెకు తీసుకున్నారు. అద్దాల బీరువా, బల్ల, సూదులు ఉడకబెట్టే పాత్ర, మద్రాసు నుంచి రైల్లో వచ్చే మందుల పెట్టెలు, మందు కలిపిచ్చే కాంపౌండరు మారికి జీతం. వీటికి మిగతా సగమూ పోయింది. బావితో సహా కొన్నది ఆమె అన్న వెంకటసామి. బోర్డు కట్టిన రోజు అందరికంటే ముందొచ్చి పెద్ద కుర్చీలో కూర్చున్నదీ ఆయనే.

ఇక మొదలైంది చుట్టాల తాకిడి. ఆ చుట్టుపక్కల నాయుళ్ళందరూ ఏదో ఒక వరసే. మామ, బావ, పిన్ని, పెద్దమ్మ. వరసైనవాళ్ళ దగ్గర కాసు పుచ్చుకోవడం అప్రతిష్ఠ. అరటిగెల తెచ్చేవారు, మునక్కాయల కట్ట తెచ్చేవారు, మజ్జిగ కుండ తెచ్చేవారు. మందుసీసా నింపుకొని, వీపు తట్టి పోయేవారు.

"ఏమిరా అల్లుడా, మేనమామ దగ్గరా కాసు?" అని వెంకటసామి నవ్వేవాడు. పెరుమాళ్‌సామి కూడా నవ్వేవాడు పాపం.

అర్ధరూపాయి ఫీజిచ్చేది మిల్లు కూలీలు మాత్రమే. మిల్లు దూది పీల్చి దగ్గి దగ్గి వచ్చేవాళ్ళ కష్టార్జితంతో, బండెక్కి వచ్చేవాళ్ళకు మందు పోస్తున్నట్టయింది. ఎన్నాళ్ళు సాగుతుంది? మద్రాసు కంపెనీ పెట్టెలు పంపడం ఆపేసింది. మారికి జీతం నిలిచిపోయింది.

"అమ్మా, మదురైలో ఒక మిల్లులో డాక్టరు ఉద్యోగం ఉండాదంట. నేను పోతా," అన్నాడు పెరుమాళ్‌సామి భోజనం దగ్గర, తలెత్తకుండా.

"మరి ఈడ?"

"ఈడ మూసేసేదే. ఏమి చేసేది? మామను ఫీజు అడిగేదానికి నాకు నోరు రాదు."

రామక్కాళ్ చెయ్యి కడుక్కొని లేచింది. గోమతిని ఒళ్ళో పెట్టుకున్న బరువు ఆమె తొడల మీద ఇంకా అలాగే ఉంది. గది మూతపడితే మళ్ళీ ఎవరి బిడ్డో ఆ బండెక్కాలి.

మర్నాడు పొద్దున ఆమె వచ్చి కూలీల పక్కన బెంచీ మీద కూర్చుంది. లోపల పెద్ద కుర్చీలో వెంకటసామి ఉన్నాడు. మారి కంగారుపడి లోపలికి రమ్మన్నా ఆమె కదల్లేదు. తన వంతు వచ్చాకే లేచింది. కొడుకు మోకాలి వాపు చూసి మందు రాశాడు. ఆమె కొంగుముడి విప్పి అర్ధరూపాయి బల్ల మీద పెట్టింది.

"ఏమమ్మా ఇది?"

"ఫీజు."

"నీ దగ్గరనా? నేను తీసుకునేది లేదు."

"కన్నతల్లి ఇచ్చినాక ఇంకెవురు ఇయ్యకుండా పొయ్యేది? తీసుకో, సామీ. తీసుకోకపోతే ఇప్పుడే బోర్డు విప్పించు."

పెరుమాళ్‌సామి అర్ధరూపాయి వైపు చెయ్యి చాచాడు. తీసుకున్నాడు. వెంకటసామి మొహం కందగడ్డలా చేసుకొని, చెల్లెలి వైపు చూడకుండా బయటికి నడిచాడు.

కొన్నాళ్ళు చుట్టాలెవరూ ఆ గడప తొక్కలేదు. తర్వాత పిల్లలకు జ్వరాలొచ్చాయి, ముసలివాళ్ళకు ఆయాసాలొచ్చాయి. గొణుక్కుంటూ వచ్చారు, అర్ధరూపాయి పెట్టారు. మందుల పెట్టెలు మళ్ళీ దిగాయి. ఆ ఊరి కాన్పులు ఆ ఊళ్ళోనే అయ్యాయి.

కానీ రామక్కాళ్‌ను మాత్రం వాళ్ళు క్షమించలేదు. పెళ్ళి పిలుపులు ఆమె వాకిలి దాటి పక్కింటికి పోయేవి. అన్న ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. ఏడుపొచ్చినప్పుడు ఏడ్చింది, అంతే. ఒంట్లో బాగాలేకపోతే బెంచీ మీద కూర్చునేది, ఫీజు కట్టేది. ఒక్కసారి మానేసినా మాట పుడుతుందని ఆమెకు తెలుసు. అమ్మకు అమ్మగా ఒక్క మాత్ర ఇచ్చుకోలేకపోయానని పెరుమాళ్‌సామి కుమిలిపోయేవాడు. గది నిలబెట్టడానికి తోటం కన్నా పెద్ద ఖర్చు అదే అయింది.

చివరికి ఆమె మంచాన పడింది. మధ్యాహ్నం సంగు ఊదే వేళకు చుట్టాలంతా చేరారు. ఎంతైనా చివరి చూపు కదా. వెంకటసామి కర్ర పట్టుకొని గుమ్మంలోనే నిలబడ్డాడు.

కొడుకు నాడి చూశాడు. సూది వేశాడు. ఆమె చెయ్యి మెల్లగా కొంగుముడి వెతుక్కుంది.

"వద్దమ్మా," అన్నాడు అతను చెవి దగ్గర. "ఈ ఒక్క రోజు వద్దు."

ఆమె కళ్ళు గుమ్మం వైపు తిరిగి మళ్ళీ కొడుకు మీదికొచ్చాయి. వేళ్ళు ముడి మీద ఆడుతున్నాయి గానీ విప్పే సత్తువ లేదు. పెరుమాళ్‌సామి కాసేపు చూశాడు. అందరూ చూస్తుండగా తనే ఆ ముడి విప్పి, అర్ధరూపాయి తీసి జేబులో వేసుకున్నాడు.

గుమ్మంలో వెంకటసామి తల దించుకున్నాడు.

రామక్కాళ్ ఊపిరి కూడదీసుకుంది. "డాక్టరు పని అయ్యిందిలే, సామీ," అంది. "ఇంగ నువ్వు నా కొడుకువి. రవ్వంతసేపు నా దగ్గర కూసో."

అతను సూదుల పెట్టె పక్కన పెట్టి, తల్లి తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.