సున్నాలో ఉన్న క్లారినెట్

అతనికి యాభై దాటాయి. ముందు జుట్టు పోయింది, కూతురు కాలేజీకి వెళ్తోంది. అయినా ఊరందరికీ అతను తమ్ముడే. బ్యాండు మాస్టారి తమ్ముడు కాబట్టి మొదట బ్యాండువాళ్లు అలా పిలిచారు. తర్వాత టీ కొట్టువాడు అందుకున్నాడు, ఆ తర్వాత అతని కంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు కూడా అదే పిలుపు. గ్యాస్ బండ తెచ్చేవాడు గుమ్మంలో నిలబడి "తమ్ముడుగారున్నారా అమ్మా" అంటే, పెళ్లాం లోపలినుంచి "తమ్ముడుగారు స్నానం చేస్తున్నారండీ" అనేది, నవ్వకుండా. వాడు వెళ్లాక మాత్రం "లోకానికంతా తమ్ముడివైతే నాకేమవుతావయ్యా" అని దెప్పేది.

ఇక వాయించడం సంగతి. నాన్న బ్యాండు మాస్టారే, తాత బ్యాండు మాస్టారే. ఆ ఇంట్లో పిల్లాడు పుడితే ముందు ఏడుపు శ్రుతిలో ఉందో లేదో చూస్తారని బయటివాళ్లు ఎగతాళి చేసేవారు. మన తమ్ముడికేమో పుట్టుకతో ఉబ్బసం. క్లారినెట్ చేతికిస్తే నాలుగు స్వరాలకే ఆయాసం. పోనీ అని సైడ్ డ్రమ్ము తగిలిస్తే, ఊరేగింపులో ముందువాళ్లు కుడికాలు వేసినప్పుడు వెనకవాళ్లు ఎడమకాలు వేశారు. నాన్న ఆ రోజే డ్రమ్ము విప్పించి, "వీణ్ణి పెట్టెలు మోయడానికి ఉంచండి" అన్నాడు. ఆ మాటకు పిల్లాడు అన్నం మానేస్తే, బతిమాలి ముద్దలు కలిపి తినిపించింది అన్నే. అప్పటినుంచి రోజూ సాధన చేసేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పాట అయ్యాక అందరికంటే ముందు వాణ్ణే అడిగేవాడు, ఎలా ఉందని. అలా అడిగీ అడిగీ వాడి చెవులు పదును పెట్టాడు.

ఆ అన్నే ఇప్పుడు ఊరంతా మాస్టారు అని పిలిచే మనిషి. బ్యాండు ఆయనది, క్లారినెట్ ఆయనది. రెండో క్లారినెట్ ఆయన అల్లుడిది.

తమ్ముడు మాత్రం తాళాలు చేసేవాడి కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుకు గదిలో స్థిరపడ్డాడు. మొదట్లో క్యాసెట్లు కాపీ చేసేవాడు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి కంప్యూటరు మిగిలింది. బడులకు పాఠాల డిస్కులు చేసిపెట్టడానికి ఒక సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. బొమ్మలు, మాటలు, పాటలు, నొక్కే బొత్తాలు అన్నీ దానిలో ఒకచోట కూర్చవచ్చు. బొమ్మలు కనిపించే తెరను అందులో స్టేజీ అంటారు. ఏది ఎప్పుడు రావాలో చెప్పే గీత ఆ స్టేజీ కింద సాగుతుంది, దాన్ని టైమ్‌లైన్ అంటారు. "జన్మలో స్టేజీ ఎక్కనివాడికి రోజూ స్టేజీ మీదే పని" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. ఎవరి పిచ్చి వారికానందం.

పిల్లల లైబ్రరీ మేడమ్ ఒకరోజు ఆ కొట్టుకు వచ్చారు. లైబ్రరీలో ఒక మూల టచ్ స్క్రీను పెడుతున్నారట. దాని మీద బ్యాండు మొత్తం కనిపించాలి. పిల్లలు ట్రంపెట్ బొమ్మ నొక్కితే ట్రంపెట్ ఒక్కటే వినపడాలి, డ్రమ్ము బొమ్మ కూడా నొక్కితే అదీ కలవాలి, అన్నీ నొక్కితే బ్యాండంతా మోగాలి. ఎవరు ఏం వాయిస్తున్నారో పిల్లలకు విడివిడిగా తెలియాలన్నది ఆవిడ కోరిక.

మాస్టారు ఆ మాట విని మురిసిపోయారు. "నా బొత్తాం కాస్త పెద్దది పెట్టరా, ముసలాడి మీద గౌరవంతో" అన్నారు.

"పెడతాలే అన్నయ్యా. నీ పొట్ట పట్టాలిగా" అన్నాడు తమ్ముడు.

ఒక్కొక్కరినీ విడిగా రికార్డు చేశాడు. ముందు పెద్ద డ్రమ్ము, తర్వాత చెవుల్లో ఆ డ్రమ్మే వింటూ మిగతావాళ్లు. మాస్టారు తెల్లచొక్కా తొడుక్కుని, మీసం దువ్వుకుని మరీ వచ్చారు, రికార్డింగులో మీసం కూడా వినపడుతుందన్నట్టు. ఒక్కసారి వాయించి, "చాలురా, వచ్చింది" అని లేచిపోయారు.

తమ్ముడు మొదట చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. ఒక వాద్యం బొత్తాం నొక్కితే అది ఆగాలి, మళ్లీ నొక్కితే మొదలవ్వాలి. ఎవరైనా అంతే అనుకుంటారు కదా, తమ్ముడూ అలాగే కూర్చాడు. ట్రంపెట్ ఆపి, మళ్లీ నొక్కాడు. ట్రంపెట్ వచ్చింది గానీ, మొట్టమొదటి నుంచి వచ్చింది. డ్రమ్ము చరణంలో ఉంది, ట్రంపెట్ పల్లవి ఎత్తుకుంది. భోజనం క్యారేజీ తెచ్చిన పెళ్లాం గుమ్మంలోనే ఆగి, "ఏంటి, మీవాళ్లు కొట్టుకుంటున్నారా?" అంది.

నాలుగు ముద్దలు తిన్నాక అతనికి తట్టింది. నిజం బ్యాండులో తన వంతు లేనప్పుడు ట్రంపెట్ వాడు ఇంటికి పోడు కదా. నోటికి దగ్గర పెట్టుకుని, పాటలోనే ఉంటాడు. అంటే ఎవర్నీ ఆపకూడదు. అందరూ ఒకేసారి మొదలై చివరిదాకా నడుస్తూనే ఉండాలి. వినపడకూడని వాళ్ల చప్పుడు సున్నాకు తేవాలి, అంతే. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా అన్నీ మార్చాడు. నొక్కితే వచ్చింది, నొక్కితే పోయింది, ఎన్నిసార్లు నొక్కినా తాళం తప్పలేదు. చిన్నపిల్లాడిలా ఒక్కొక్క బొత్తామూ నొక్కుతూ, ఒకరి తర్వాత ఒకర్ని సున్నాకు తెచ్చి, చివరికి అన్న క్లారినెట్ ఒక్కటి వదిలాడు.

అక్కడే చచ్చింది గొర్రె.

రెండేళ్ల కిందట మాస్టారికి మూతి కాస్త పక్కకు లాగింది. మందులతో సర్దుకుంది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ క్లారినెట్ పలకాలంటే కింది పెదవి బిగవాలి. చరణం చివర ఒకే ఊపిరితో లాగే పొడుగు గుక్క ఒకటుంది, ఆయనకు పేరు తెచ్చింది అదే. ఒకప్పుడు పెళ్లివాళ్లు తలలు తిప్పి చూసిన గుక్క అది. ఇప్పుడు విడిగా వింటే, ఆ గుక్క మధ్యకు వచ్చేసరికి స్వరం వణికి, చీలి, గాలి ఒక్కటే బుస్సుమని పోతోంది. రెండో చరణంలోనూ అంతే. మరి పెళ్లిళ్లలో ఎవరికీ తెలియడం లేదేం? ఈమధ్య జరిగిన పెళ్లి రికార్డింగు ఒకటి తీసి విన్నాడు తమ్ముడు. సరిగ్గా స్వరం జారేచోట, అతుకు తెలియకుండా, అల్లుడి క్లారినెట్ అందుకుంటోంది.

రేపు ప్రతి పిల్లాడూ ఆ బొత్తామే నొక్కుతాడు. బుస్సుమనగానే కిసుక్కున నవ్వుతాడు, నవ్వి మళ్లీ నొక్కుతాడు. పిల్లల తప్పా అది? కాదు. లైబ్రరీలో ప్రారంభం రోజు బ్యాండంతా వస్తుంది, మాస్టారు ముందు వరసలో కూర్చుంటారు. ఇంకోసారి వాయించమని అన్నను అడగాలంటే నోరు రాదు, అడిగితే ఎందుకని అడుగుతారు. అలాగే వదిలేద్దామంటే మనసొప్పదు. అడకత్తెరలో పోకచెక్కలా రెండు రోజులు నలిగి, మూడో రోజు అల్లుణ్ణి కొట్టుకు పిలిచాడు.

విషయం విని అల్లుడు తల దించుకున్నాడు. "మామయ్యకి తెలిస్తే నా మొహం చూడరు, చిన్నమామయ్యా."

"నువ్వు చెప్పకు, నేను చెప్పను. ఆ రెండు గుక్కలే వాయించిపో."

"మనం చెప్తేగానీ తెలీనివారా ఆయన?"

"మరి పిల్లలచేత నవ్వించమంటావా?"

అల్లుడు క్లారినెట్ బయటికి తీశాడు. వాయించి, పెట్టె సర్దుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

తమ్ముడు ఆ రెండు గుక్కల్నీ టైమ్‌లైన్‌లో అన్న వాద్యం కింద మరో వరసగా పేర్చాడు. స్వరం జారబోయే చోట అన్నది సున్నాకు దిగుతుంది, అల్లుడిది పైకి లేస్తుంది. గుక్క అయ్యాక మళ్లీ అన్నది వస్తుంది. అన్న వాయించినదాన్ని కోసి పారెయ్యడానికి చెయ్యి రాలేదు, అందుకే కింద అలాగే నడవనిచ్చాడు. ఇక గుక్కకు ముందు తీసుకునే ఊపిరి. దాన్ని కత్తిరిస్తే మిషను వాయించినట్టుంటుందని, అల్లుడి ఊపిరిని జాగ్రత్తగా అలాగే ఉంచాడు. అది తన పనితనం అనుకున్నాడు.

ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని అన్న ఇంటికి వెళ్లాడు. వదిన వంటింట్లో ఉంది. ముందుగదిలో బల్ల మీద పెట్టి తెరిచాడు. స్టేజీ మీద బ్యాండు మొత్తం వరసగా నిలబడి ఉంది, అన్న బొమ్మ అందరికంటే పెద్దది.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని నవ్వుకున్నారు. ట్రంపెట్ నొక్కి, "వీడు ఇంకా తొందరే" అన్నారు. డ్రమ్ము నొక్కి తల ఊపారు. చివరికి తన బొమ్మ ఒక్కటి ఉంచి, వెనక్కి వాలి కూర్చున్నారు. పల్లవి వెళ్లింది, చరణం వచ్చింది. గుక్కకు ముందు, ముక్కుతో ఎగపీల్చిన చిన్న చప్పుడు. తర్వాత గుక్క నిండుగా, చీలకుండా, చివరిదాకా సాగింది.

ఆయన వేలు పెట్టి ఆపారు. నవ్వు లేదు.

"నేను నోటితో తీసుకుంటాను ఊపిరి. ముక్కుతో పీల్చేది అల్లుడు. మానమని పదేళ్లుగా చెప్తున్నా."

"అన్నయ్యా..."

"నాది తీసేశావా?"

"లేదు. ఉంది. కింద నడుస్తూనే ఉంది. సున్నాలో పెట్టాను."

"సున్నాలో." మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నా వెనక అల్లుడు అందుకుంటున్నాడని నాకు తెలీదనుకున్నావురా? నాకు తెలుసు. డ్రమ్మువాడికి తెలుసు, మీ వదినకి తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. అందరూ వినీ విననట్టున్నారు, నేనూ తెలిసీ తెలీనట్టున్నా. అలా ఇంకో రెండేళ్లు వెళ్లిపోయేది బండి."

"పిల్లలు నవ్వుతారని... నీ పరువు పోకూడదని చేశానన్నయ్యా."

"తెలుసు. నీకు వినపడుతుందని కూడా తెలుసు. తెలిసే వచ్చి ఒక్కడినీ కూర్చుని వాయించా. విని ఊరుకుంటాడులే మనవాడు, అనుకున్నా. దిద్దుతావనుకోలేదు."

కొండ నాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారే, అదే అయింది. తమ్ముడు ఏడ్చేవాడే గాని, వంటింట్లో వదిన ఉందని ఆపుకున్నాడు. "నీదే ఉంచుతానన్నయ్యా. అల్లుడిది ఇప్పుడే తీసేస్తా."

"ఏదీ, నాది పెట్టు. విననీ."

అల్లుణ్ణి సున్నాకు దించి అన్నను పైకి తెచ్చాడు. గుక్క మొదలైంది, వణికింది, చీలింది, బుస్సుమంది. రెండో చరణంలోనూ అంతే. మాస్టారు రెండూ పూర్తిగా విన్నారు. మోకాలి మీద వేళ్లు స్వరాల వెంట కదులుతూనే ఉన్నాయి, గాలి పోయిన చోట కూడా అవి తప్పు వెయ్యలేదు.

"పిల్లలు నేర్చుకోడానికి కదరా ఇది. అల్లుడిచేత మొత్తం వాయించు, అదే పెట్టు. బొమ్మ కూడా వాడిదే పెట్టు."

"అన్నయ్యా, వద్దు."

"అందరి ఎత్తూ ఒక్కలాగే ఉంచు. వాణ్ణి ఒక్కణ్ణే పెద్దగా పెట్టకు, మిగతావాళ్లు ఏడుస్తారు." లేచి నిలబడ్డారు. "నాది సున్నాలో కూడా వద్దు. తీసెయ్. నేను చూస్తుండగా తీసెయ్."

తమ్ముడు తీసేశాడు. నిజంగానే తీసెయ్యాలా అని సాఫ్ట్‌వేర్ ఒకసారి అడిగింది. అన్న ముఖం చూశాడు. ఆయన తల ఊపారు. నొక్కాడు. టైమ్‌లైన్‌లో ఆ వరస ఖాళీ అయింది.

మాస్టారు లోపలిగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. వదిన పళ్లెం తెచ్చి తమ్ముడి ముందు పెట్టి, అతని ముఖం చూసింది.

"తిను బాబూ, చల్లారిపోతుంది."

రెండో ముద్ద దగ్గర లోపల క్లారినెట్ మొదలైంది. చాలా సన్నగా, గుడ్డ అడ్డం పెట్టి వాయిస్తున్నట్టు. అదే గుక్క. మధ్యలో జారింది. ఆగి, మళ్లీ మొదటినుంచి. మళ్లీ జారింది. వదిన గబగబా వంటింట్లోకి వెళ్లి, కుళాయి పూర్తిగా తిప్పి, కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. ఎంత నీళ్ల చప్పుడైతే మాత్రం తమ్ముడి చెవులకు ఏం అడ్డం? ప్రతి స్వరం వినపడింది. నాలుగోసారి గుక్క సగం కూడా వెళ్లలేదు. తర్వాత లోపల ఏ చప్పుడూ లేదు.

కాసేపటికి మాస్టారు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తమ్ముడికి ఎదురుగా కూర్చుని పళ్లెం దగ్గరకు లాక్కున్నారు.

"ఏమైనా వినపడిందా?" అన్నారు, అన్నం కలుపుతూ.

తమ్ముడు తల ఎత్తలేదు. "లేదన్నయ్యా. ఏం వినపడలేదు."