ఫారంలో పట్టని నాగవేణి

జిరాక్సు మిషన్ నుంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి, ఆ ఘాటు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఉదయమూ మండింది. కొత్త ఫారాలు వచ్చాయి. రంగు మారింది కానీ ప్రశ్నలు అవే. ‘పేరు పెట్టి పిలిస్తే పలుకుతారా?’ పుట్టుకతో చెవుడున్న వాళ్లను అడిగే ప్రశ్న ఇది! మెర్సీ మేడం ఉంటే ఏమనేదో తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆమె పోయి మూడేళ్లయిందని గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

ప్రొద్దుటూరులో చెవిటివాళ్లను పరీక్షించి రిపోర్టులిచ్చే చిన్న కేంద్రాన్ని ఆమె నడిపేది. క్రైస్తవ మిషనరీల కాలం నుంచీ టీచర్ల ఇల్లు వాళ్లది. ఆదివారం చర్చి, తక్కిన ఆరు రోజులూ మా మీద కేకలు. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అని ఒకసారి నేను నోరు జారితే, “ఊదేవానికి బుద్ధుండాల” అని కసిరింది. నేను తిరుపతిలో చదువు ముగించి కొత్తగా చేరాను. వండుకోవడం, బజారుకు వెళ్లడం, ఒంటరిగా ఉండటం, ఇలాంటి రోజువారీ పనులు మనిషి ఎంతవరకు చేసుకోగలడో అడిగి మార్కులు వేయడం నా పని. ఇరవై నిమిషాల్లో ఒక ఫారం ముగిస్తానని నాకు మహా గర్వంగా ఉండేది.

అప్పుడే జమ్మలమడుగు నుంచి నాగవేణి వచ్చింది. పంతొమ్మిదేళ్లు, పుట్టు చెవుడు. కుట్టు శిక్షణ ఇచ్చే హాస్టల్లో సీటు కావాలి. తన పనులు తాను చేసుకోగలదని మేము రాస్తేనే ఆ సీటు. పిల్ల తల వంచుకుని కూర్చుంది. ఏదడిగినా వాళ్లమ్మ ఓబుళమ్మే జవాబిచ్చింది. “దానికేం తెల్దు మేడం. అన్నీ నేనే చేస్తాండా.” అన్నిటికీ సున్నా వేసి, ఆ సాయంత్రమే రిపోర్టు పంపించేశాను. మర్నాడు నా దగ్గరున్న నకలు మెర్సీ మేడం కంట పడింది.

“ఏందిమే ఇది? ఎవుర్ని అడిగినావు?”

“వాళ్లమ్మను మేడం.”

“సీటు వాళ్లమ్మకా? చెవుడు చెవికి గదా ఉండేది! నువ్వు దాన్ని తీసకపోయి బుర్రకు అంటిస్తాండావు. పెన్ను ఈడ పెట్టి, పోయి ఆ పిల్ల ఇంట్లో ఒక పగలంతా కూచ్చో.”

ఎర్రటి ఎండలో, కిక్కిరిసిన బస్సులో ఆమెను తిట్టుకుంటూనే వెళ్లాను. వెళ్లి చూస్తే ఇల్లంతా నాగవేణి చేతుల మీదే నడుస్తోంది. కుక్కర్ మీద విజిల్ పైకి లేచిన ప్రతిసారీ ఒక వేలు ముడుస్తోంది. మూడు వేళ్లు ముడిచాక పొయ్యి ఆపేసింది. వీధి తలుపుకు ఒక తాడు కట్టి ఉంది. దాని రెండో కొస వంటింటి దూలానికి వేలాడే ఎర్ర గుడ్డకు ముడివేసి ఉంది. వచ్చినవాళ్లు తలుపు కొట్టరు, తాడు లాగుతారు. గుడ్డ ఊగగానే నాగవేణి వచ్చి తలుపు తీస్తుంది. ఆ ఏర్పాటు ఆమెదేనట. ‘తలుపు తడితే తీస్తారా?’ అన్న చోట నేను వేసింది సున్నా.

పొలం నుంచి వచ్చిన ఓబుళమ్మను నిలదీశాను. “ఇన్ని పనులు చేస్తుంటే ఏమీ తెలియదని ఎందుకు చెప్పావమ్మా?”

ఆమె తెల్లబోయింది. “వికలాంగుల క్యాంపుల్లో అట్లే గదా మేడం చెప్పాల్సింది? బాగుండాదంటే సర్టిఫికెట్టు ఇయ్యరు. ఎంత చాతగాదంటే అంత మంచిదని అందురూ జెప్పినారు. తలకాయ ఎత్తొద్దని దానికి గూడా నేనే జెప్పి తోలుకొచ్చినా.”

ఆమె మీద కోపం తెచ్చుకోవడానికీ దారి లేకపోయింది. ఏళ్ల తరబడి ఆఫీసులు ఆమెకు నేర్పిన పాఠమే అది. వెంటనే కొత్త రిపోర్టు రాసుకుని హాస్టల్ సీట్లు ఇచ్చే ఆఫీసుకు పరుగెత్తాను. గుమాస్తా పాత కాగితాన్ని నా ముందు పెట్టి, “ఈ సంతకం మీదే గదా? లిస్టు పోయింది మేడం” అన్నాడు. తాడు సంగతి చెప్పబోతే, “తాడుకు ఫారంలో యాడుంది కాలం?” అని అడిగాడు. కొట్టాలన్నంత కోపం వచ్చింది, అతన్నో నన్నో తెలియలేదు.

మెర్సీ మేడం ఆ రోజు కేకలేయలేదు, అదే భరించలేకపోయాను. “నువ్వే పోయి చెప్పు. వాళ్లమ్మకు గాదు, ఆ పిల్లకు” అంది. నాకు సైగలు సరిగ్గా రావు. రెండు గంటలు కూర్చోబెట్టి, చెయ్యి వంకరపోయినప్పుడల్లా వేళ్ల మీద ఒకటి వేస్తూ నేర్పింది. మరుసటి ఏడు నాగవేణికి ఆ సీటు వచ్చింది, ఇప్పుడు పులివెందులలో సొంత మిషన్ మీద కుడుతోంది. అయినా ఆ పోయిన ఏడాది నా ఖాతాలోదే.

సైగలు నేర్చుకుని వెళ్లిన ఆ రోజు, నాగవేణి వాళ్ల వసారాలో నిలబడి, తడబడే చేతులతో సీటు పోయిందని, తప్పు నాదని చెప్పాను. నాగవేణి ఏడవలేదు. నా చేతులు ఆగేదాకా చూసి, ఒక వేలు నా వైపు చూపించింది, దాన్నే తన గుండెకు ఆనించి కనుబొమ్మలు ఎత్తింది. నువ్వు నన్ను అడిగావా, అని.   అప్పటి నుంచీ పరీక్షకు ఎవరొచ్చినా వాళ్లమ్మను బయట బెంచీ మీద కూర్చోమని, ముందు ఆ వచ్చిన మనిషినే అడుగుతున్నాను.