జుట్టుతోనా, జుట్టు లేకుండానా?

ఎవరి ఎత్తు చెప్పినా సరే, మ్యాపుల ఆఫీసులో ఆ పెద్దాయన వేసే ప్రశ్న ఒక్కటే: “జుట్టుతోనా, జుట్టు లేకుండానా?”

తమ్ముడికి కూతురు పుడితే చూడ్డానికి వెళ్ళి, పాప పొడవు చెబుతున్న నర్సునూ ఇదే అడిగాడు. ఆవిడ పాపను గభాలున గుండెకు హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇక భార్య కొప్పు పెట్టుకుందంటే పక్కన నిలబడి ఫొటో దిగడు. “ఆ కొప్పు కూడా కలుపుకుని నాకంటే పొడుగంటావు” అని గొడవ. ఆఫీసంతా ఆయన్ను ‘జుట్టు మామయ్య’ అనేది.

ఆయన పై అధికారిణికి మాత్రం ఆ ప్రశ్న వింటేనే ఒళ్ళు మండేది. ఆ మధ్యాహ్నం మరీనూ. బయట కుండపోత వాన. ఎగువన ఆనకట్ట నిండిపోయింది, సాయంత్రం గేట్లు ఎత్తేస్తారట. ఏ ఇళ్ళు మునుగుతాయో చూపే మ్యాపులు ఈలోగా సహాయక బృందాలకు చేరాలి. అన్నీ వెళ్ళాయి, ఒక్కటి తప్ప. అది జుట్టు మామయ్య బల్ల మీదే ఉంది.

“ఇంకా సంతకం పెట్టలేదేమండీ?” అందామె.

“ఏటి ఒడ్డున ఈ తోపు చూడండి మేడమ్. కంప్యూటర్ దీన్ని మెరక అంటోంది.”

“మెరకైతే మంచిదేగా! నీళ్ళు రావు.”

“జుట్టుతోనా, జుట్టు లేకుండానా?”

“మహానుభావా, నా ప్రాణం తీయకండి!”

“శాటిలైట్‌కి పైనుంచి చెట్ల నెత్తులే కనిపిస్తాయి మేడమ్. వాటినే నేలనుకుని ఎత్తు చెప్పేసింది.”

“అక్కడ ఇళ్ళేమీ లేవు కదండీ!”

“ఆకుల కింద ఏముందో మనకేం తెలుసు?”

ఫోన్ మోగుతూనే ఉంది. “వచ్చేస్తోంది, వచ్చేస్తోంది” అని ఆమె అబద్ధాలు చెబుతూనే ఉంది. ఈయన చాదస్తానికి ఊళ్ళు మునిగేలా ఉన్నాయని లోలోపల వణికిపోతోంది. ఆయన మాత్రం బీరువాలో తల దూర్చి, ఆకులు రాలిన రోజుల్లో విమానం నుంచి తీసిన పాత ఫొటోలు వెతుకుతున్నాడు. రెండు దొరికాయి. వాటిని పక్కపక్కన పెట్టి, ఎత్తుపల్లాలు తెలిసే జోడు అద్దాల కింద చూశాడు.

“మేడమ్, ఒక్కసారి రండి.”

ఆమె వంగి చూసింది. మోడు కొమ్మల మధ్య నేల మెరక కాదు, పెద్ద పల్లం. ఆ పల్లంలో ఒక రేకుల ఇల్లు. ఆమె తనే ఫోన్ చేసి బృందాన్ని అక్కడికి పరిగెత్తించింది.

ఇక మిగిలింది ఎదురుచూడటమే. జుట్టు మామయ్య కుర్చీలో కూర్చోలేకపోయాడు.

“చెట్టు మెడలోతు నీళ్ళలోనైనా నిలబడుతుంది మేడమ్. దాని కింద పడుకున్నవాళ్ళు నిలబడలేరు. ఆ భయంతోనే నాకీ పిచ్చి పట్టుకుంది.”

ఇన్నాళ్ళూ ఆయన్ను విసుక్కున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

గేట్లు ఎత్తడానికి కాస్త ముందు ఫోన్ మోగింది. ఆమె దాన్ని అందరికీ వినపడేలా పెట్టింది.

“ఇల్లుందండీ!” బృందం నాయకుడు అరుస్తున్నాడు. “ముసలాయన, ముసలావిడ, కోడలు, చంటిపిల్ల. అందర్నీ లారీ ఎక్కించేశాం.”

“పిల్ల ఏమాత్రం ఉంది బాబూ?” అడిగాడు జుట్టు మామయ్య.

“ఎంతండీ, మూరెడు ఉంటుంది!”

ఆఫీసంతా ఊపిరి బిగబట్టి ఆయన వైపే చూసింది. అధికారిణి కూడా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“జుట్టుతో సహా భద్రంగా తీసుకురా నాయనా” అన్నాడు.