కళ్ళు మూసుకుని పెట్టిన వేలు

బక్కమ్మకు ఏ చిక్కు వచ్చినా మందు ఒక్కటే. బైబిలు ఒళ్లో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏదో ఒక పేజీ తెరిచి వేలు పెట్టడం. వేలి కింద ఏ వాక్యం ఉంటే అదే దేవుడి తీర్పు. కిష్టారెడ్డిపేటలో ఇల్లు కిరాయికి తీసుకోవాలా, పటాన్‌చెరు మందుల కంపెనీలో ఊడ్చే పనికి ఒప్పుకోవాలా, కూతురు ప్రియాంకను ఏ కాలేజీలో వేయాలి, అన్నీ అలాగే తేలాయి. రేకుల షెడ్డు చర్చిలో ఆడవాళ్ళంతా ఆమె విశ్వాసాన్ని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకోరూ మరి! ఆలోచించే కష్టం దేవుడి మీద పడేసి ఇంత నిశ్చింతగా తిరిగే మనిషి ఎక్కడ దొరుకుతుంది?

ఆ నిశ్చింత ఇవాళ సంగారెడ్డి ఆసుపత్రి వరండాలో లేదు. భర్త పెద్దరాములు లోపల మంచం మీద ఉన్నాడు. షుగరు మనిషి. కాపలా కాసే అపార్ట్‌మెంటు దగ్గర కాలికి మేకు దిగినా తెలియలేదు. మూడు వారాల్లో ఎడమ పాదం నల్లబడింది.

"పాదం తీసేస్తే ప్రాణం దక్కుతుందమ్మా. రెండింటికల్లా ఏదో ఒకటి చెప్పండి," అంది డాక్టర్ నిషిత.

"నేనొప్ప. కాలు లేని వాచ్‌మన్‌ను ఎవడు పెట్టుకుంటడు?" అని పెద్దరాములు గోడవైపు తిరిగాడు.

పన్నెండయింది. బక్కమ్మ బెంచీ మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. కళ్ళు మూసి వేలు పెట్టింది. ఎవరికి ఎవరు పుట్టారో వరసగా పేర్లు! ఆ పేర్లతో ఈ కాలికేం సంబంధం? మళ్ళీ పెట్టింది. గుడారం తెరలు ఎన్ని మూరలుండాలో లెక్క. మూడోసారి రెప్పల సందులోంచి చూస్తూ, స్వస్థత మాటలుండే పేజీల వైపు మెల్లగా వేలు జరిపింది.

"ఛీ! దేవుని తోని గూడ దొంగాటనేనా?" అని తనను తానే తిట్టుకుంది.

ఆదివారం పిల్లలకు తనే చెప్పే కథ అప్పుడు గుర్తొచ్చింది. ఏం కావాలో కోరుకోమని దేవుడు ఒక రాజును అడిగితే, ఆ రాజు ఆయుష్షు అడగలేదు, సంపద అడగలేదు. మంచిచెడ్డలు తెలుసుకునే జ్ఞానం అడిగాడు. దేవుడు సంతోషించి ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు ఒక్క బిడ్డ కోసం కొట్లాడుతూ వస్తే, ఆ రాజు కళ్ళు మూసుకున్నాడా? ఇద్దరి మాటా విన్నాడు, ఇద్దరి ముఖాలూ చూశాడు, అసలు తల్లి ఎవరో తనే తేల్చాడు. ఈ కథ నూరుసార్లు చెప్పింది బక్కమ్మ. ఒక్కసారీ తన చెవికెక్కలేదు.

విసురుగా లోపలికి వెళ్ళి దుప్పటి తీసింది. మూడు వారాలుగా కట్టు వైపు చూడకుండానే ప్రార్థన చేసింది తను! పాదం పైన నొక్కింది. చల్లగా ఉంది. గట్టిగా గిల్లింది. పెద్దరాములు కదల్లేదు. బక్కమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. "మేడం, రేపటిదాంక ఆగితే ఏమైతది? తీస్తే మల్ల నడుస్తడా?"

"ఆగితే విషం పైకి పాకుతుంది. మోకాలి దాకా పోవచ్చు, మనిషే పోవచ్చు. ఇప్పుడు తీస్తే, పుండు మానాక కృత్రిమ పాదంతో నడిచే వీలుంది."

రెండింటికి ఇంకా పది నిమిషాలే ఉంది. బక్కమ్మ మంచం పక్కన నిలబడింది. దేవుడు చెప్పాడని ఒక్క అబద్ధం ఆడితే భర్త వింటాడేమో. నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఓ ప్రియాంక నాయినా, ఇటు సూడు. బుక్కుల ఏం రాలే. నేను డాక్టరమ్మను అడిగిన, నీ కాలు సూసిన. తీపిద్దాం. గిది నా మాట. తప్పయితే నన్నే తిట్టు."

పెద్దరాములు గోడవైపు నుంచి ఆమె వైపు తిరిగాడు.

"నాకు సదువు రాదాయె," అన్నాడు. "బుక్కుల ఏమొచ్చిందో నాకేం ఎరుక? ఇన్నేండ్ల సంది నేను నీ మాటనే ఇన్న. పో, డాక్టరమ్మను పిలువు."