ఇసుకలో అరచెయ్యి

పెనుకొండ కొండల్లోంచి మా పొలంలోకి దిగే వంక పక్కన ఒక కాపరి గొర్రెలు మేపేవాడు. ఏరుమద్ది చెట్ల కింద ఇసుకలో అరచెయ్యి ఆనించి, తేమ చూశాకే మందను కదిలించేవాడు.

కూలిన మా ఇంటి తలవాకిలిని మళ్లీ నిలబెట్టాలని నేను ఆ చెట్లు కొట్టిస్తుంటే అడ్డం వచ్చాడు.

"వద్దు సామీ, నీళ్లను ఆపేది ఈ వేర్లే. ఇవి పోతే ఈడ చుక్క నిలబడదు."

"మా వంకను మేం చూసుకుంటాం. నువ్వు నీ గొర్రెల్ని చూసుకో పో," అన్నాను.

మూడు వానలకే గట్లు కోసుకుపోయాయి. ఇప్పుడు వచ్చిన నీళ్లు ఆ పూటే వెళ్లిపోతాయి. తలవాకిలి మాత్రం ఠీవిగా నిలబడి ఉంది.

మొన్న మందను రొద్దం వైపు తోలుకుపోతూ, అలవాటుగా వంగి ఇసుకలో చెయ్యి పెట్టాడు. ఉండబట్టలేక అడిగాను.

"ఏమబ్బా, తేమ ఉండాదా?"

చెయ్యి దులుపుకుని లేచాడు.

"మీ వంక కదా సామీ. మీరే చూసుకోండి."